మూడో దిమ్మె

అక్టోబర్ 6, సోమవారం

పొద్దున్నే పున్నమ్మ షుగర్స్ మిల్లు నడిపే విజయ్‌కుమార్ ఫోన్. మనిషి ఎప్పుడూ నింపాదిగా మాట్లాడతాడు, ఇవాళ ఆ నింపాది లేదు. "శిరీష గారూ, మీరొకసారి అర్జెంటుగా రావాలండి. పెద్ద గేర్ బాక్స్ కింద దిమ్మె పగిలింది. నాలుగింటిలో మూడోది" అన్నాడు.

మూడోది అనగానే పెనం మీద దోసె మాడింది. దోసె సంగతి మా ఆయన ప్రేమ్ చూసుకున్నాడు. ఆ మిల్లు కాంక్రీటు పనులు చూసేది నేనే, బోధన్ బస్సెక్కాను.

కాలువ పక్కన చెరుకు నిలువెత్తు పెరిగి ఉంది. ఈ ఏడు పంట బాగుంది. మిల్లు లోపల అన్నీ విప్పి ఆరబోసినట్టున్నాయి, సీజన్ ముందు ఎప్పుడూ అంతే. చెరుకు పిండే రోలర్లను తిప్పేది ఆ గేర్ బాక్సే. దాని బరువంతా నాలుగు కాంక్రీటు దిమ్మెల మీద ఉంటుంది. ఒక్కోటి నా ఛాతీ ఎత్తు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు, డిప్లొమా కాగితం చేతికొచ్చిన కొత్తలో, నా మొదటి ఉద్యోగంలో నా కళ్ల ముందు పోసినవి. పోసింది ముప్కాల్ ముత్తన్న మేస్త్రి. నాకు పని నేర్పిన మనిషి. నేను ఆయన్ని బాపూ అంటాను, కన్న తండ్రి పోయాక ఇంకా గట్టిగా అంటాను.

ప్రతి దిమ్మె పక్కనా పచ్చి సిమెంటు మీద మేకుతో గీసిన 'ము' అక్షరం, కింద తేదీ. మూడో దిమ్మె మీద 22-1-99.

పగుళ్లు: పైనుంచి బోల్టు పక్కగా రెండు నిలువుగా దిగాయి. ఒకటి అడ్డంగా, గేర్ బాక్సు కూర్చునే పీఠం ప్లేటుకు రెండంగుళాల కింద. నిలువు పగులులో బస్సు టికెట్టు మడిచి పెడితే దూరింది.

"నవంబరు పదిహేడుకి మిల్లు తిరగాలండి. రైతులకి చెప్పేశాం. నరికిన చెరుకు ఆగదు కదా, ఎండిపోతుంది" అన్నాడు విజయ్‌కుమార్. తిరుగుతుందన్నాను. ఏ ధైర్యంతో అన్నానో మరి.

అక్టోబర్ 8

పగుళ్ల మీద సన్న గాజుముక్కలు అడ్డంగా పెట్టి ప్లాస్టర్‌తో అతికించాను. పగులు ఇంకా కదులుతుంటే గాజు పగులుతుంది, లేకుంటే లేదు. ఇది బాపు నేర్పిన పరీక్షే. ఎన్ని మిషన్లు కొన్నా నేను మొదట చేసేది ఇదే.

చెరుకు లేకుండా ఉత్తగా గేర్ బాక్సును పది నిమిషాలు తిప్పించాను. మూడో దిమ్మె మీది గాజుముక్కలన్నీ టప్పున పోయాయి. మిగతా మూడు దిమ్మెలకూ అతికించినవి చెక్కు చెదరలేదు.

కారణం: నూనె. గేర్ బాక్సు నుంచి కారిన నూనె ఏళ్ల తరబడి పగుళ్లలోకి దిగి కాంక్రీటును పాడు చేసింది. ఖాయంగా నూనే.

అక్టోబర్ 9

నాలుగు దిమ్మెల మీదా నూనె కారిన మరకలున్నాయి. మిగతా మూడు బాగానే ఉన్నాయి.

అక్టోబర్ 11

కారణం: అమరిక తేడా అయి ఉండాలి. గేర్ బాక్సు, మోటారు ఒక వరుసలో లేకపోతే ఒక మూల ఎక్కువ అదురుతుంది. ఫిట్టరును తీసుకుని మధ్యాహ్నమంతా కొలిపించాను. వెంట్రుకవాసి తేడా. అంత తేడాకు దిమ్మె పగిలితే ఈ జిల్లాలో ఒక్క మిల్లూ నిలబడదు అన్నాడు ఫిట్టరు. వాడికి నోరెక్కువ.

అక్టోబర్ 13

కాంక్రీటు గట్టిదనం చూసే సుత్తి తీసుకెళ్లాను. స్ప్రింగు సుత్తి, కొడితే ఎంత వెనక్కి ఎగిరిందో అంకె చూపిస్తుంది. మూడో దిమ్మె నడుము దగ్గర నలభై రెండు. పాదం దగ్గర నలభై నాలుగు. ఆ వయసుకు బ్రహ్మాండం. పై అంచున పద్దెనిమిది.

సుత్తి పాతబడింది.

అక్టోబర్ 14

నిజామాబాద్‌లో తెలిసినవాళ్ల దగ్గర కొత్త సుత్తి అడిగి తెచ్చాను. పై అంచున పదిహేడు.

సాయంత్రం ప్రేమ్ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "ఏమైంది శిరీ నీకు? కూరల ఉప్పు రెండుసార్లు ఏసినవ్. మనసు మిల్లుకాడ ఉంటే గాడనే వండుకో పో, మేము హోటల్‌ల తింటం" అన్నాడు. మేము అంటే ఆయనొక్కడే. లెక్కల సారుకు ఆ లెక్క మాత్రం రాదు. నవ్వాను.

ఆ దిమ్మెలు పోసిన రోజుల సంగతి నాకు సరిగా గుర్తు లేదు. ఇరవై ఆరేళ్లయింది, ఎవరికి గుర్తుంటుంది?

అక్టోబర్ 15

పక్క నుంచి కోరు తీశాం. అంటే గుండ్రటి బ్లేడుతో లోపలికి కోసి కాంక్రీటును కడ్డీలాగా బయటికి లాగడం. నడుము దగ్గర తీసిన ముక్క నల్లరాయిలా ఉంది, దాన్ని చూస్తే ఆయన చేతులకు దండం పెట్టబుద్ధయింది. పై నుంచి రెండంగుళాల దగ్గర తీసింది ముక్కగా రాలేదు. నా అరచేతిలోనే పొడయింది.

అయితే జరిగింది ఇదీ. పై పొర మొదట్నుంచీ గట్టిపడలేదు. ఇన్నేళ్లు అదురుతుంటే అది నలిగి పొడయింది, నూనె దిగింది, బోల్టు వదులైంది, ఆ మూల గేర్ బాక్సు ఎగిరెగిరి పడింది. అప్పుడు కింది మంచి కాంక్రీటు కూడా పగిలింది. మిగతా మూడు దిమ్మెలు గట్టివి కాబట్టి దీని వంతు బరువు కూడా అవి మోసుకుంటూ వచ్చాయి.

పై పొర ఎందుకు గట్టిపడలేదో తెలియదు.

అక్టోబర్ 16

విజయ్‌కుమార్ రిపోర్టు అడిగాడు. మిల్లులో వాటాలున్న బాబాయిలిద్దరూ హైదరాబాదులో ఉంటారు, వాళ్లకు పంపాలట. "కారణం అని ఒక గడి ఉంటుంది కదండీ, అది ఖాళీగా ఉంచితే మా బాబాయిలు ఊరుకోరు" అన్నాడు.

ఆ గడిలో రాశాను: నిర్మాణ సమయంలో పనితనం లోపం.

ఎవరి పేరూ రాయలేదు. పనితనం అంటే ఎవరిదైనా కావచ్చు. పంపేశాను.

అక్టోబర్ 20, దీపావళి

ముత్తన్న బాపు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. దీపాలు పెట్టే హడావుడిలో ఉన్నాను.

అక్టోబర్ 21

దీపాలు పెట్టింది ప్రేమ్.

అక్టోబర్ 23

గేర్ బాక్సును జాకీలతో అర అంగుళం లేపి, ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టాం. ఇప్పుడు మూడో దిమ్మె మీద బరువు లేదు. పని సాఫీగా సాగింది, కానీ ఈ రోజు రాయాల్సింది అది కాదు.

గేటు దగ్గర పాత శంకుస్థాపన రాయి తీసి పక్కన పెట్టారు. కొత్త కమాను కడుతున్నారు, దానికి కొత్త రాయి చెక్కిస్తారట. పాత రాయి మీద విజయ్‌కుమార్ వాళ్ల నాన్న చెన్నకేశవరావు గారు పెద్దల పేర్లన్నీ చెక్కించి, చిట్టచివర 'మేస్త్రి: ముత్తన్న, ముప్కాల్' అని కూడా చెక్కించారు. ఏ మిల్లు రాయి మీదా మేస్త్రి పేరు నేను చూడలేదు. ఆ పెద్దాయన అట్లాంటి మనిషి. బాపు ఏటా ఎండాకాలం ఆ రాయి చూసుకోవడానికి ముప్కాల్ నుంచి పనిగట్టుకుని వస్తాడు. "పేరు అరిగిపోయిందేమో చూసొచ్చినవా బాపూ?" అని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఆయన మీసం దువ్వుకుని నవ్వేవాడు.

విజయ్‌కుమార్ నేల చూపులు చూస్తూ అన్నాడు. "కొత్త రాయి మీద మేస్త్రి పేరు వద్దంటున్నారండి బాబాయిలు. మీ రిపోర్టు చదివారు కదా. నాకు కష్టంగానే ఉంది. నాన్నగారు వేయించిన పేరు."

సరేనని తల ఊపాను. తల ఊపాను! నోట్లో నాలుక లేనట్టు తల ఊపి, బస్సెక్కి ఇంటికొచ్చాను.

అక్టోబర్ 24

గంగమణి మిల్లులో ఊడ్చే మనిషి. ఇవాళ రాలిన పెళ్లలు తట్టలో ఎత్తుతూ అంది:

"గీ దిమ్మెకే అయితదని నాకెర్కనే అమ్మా."

ఎందుకన్నాను.

"గా ముత్తన్న మేస్త్రి యేటా ఎండకాలం వస్తడు గద. రాయి సూస్త అని గేటుకాడ జెప్తడు. రాయిని ఒక్క నిమిషం సూడడు. సక్కగ గీడికొచ్చి, ఇనుప సలాకతోని గీ మూడోదాన్నే కొట్టి, చెవు పెట్టి ఇంటడు. మల్ల కొడ్తడు, మల్ల ఇంటడు. ఎందుకు మేస్త్రీ అంటే ఊకో అంటడు."

అప్పుడు గంగమణి తట్ట కింద పెట్టి నా మొహంలోకి చూసింది. నిర్మాణం నాడు ఆమె కూడా అక్కడే కూలి. నాకంటే రెండేళ్లు పెద్ద.

"యాదికి లేదా అమ్మా? గడ్డి ఐపోయిందని గోడౌన్‌కెల్లి సంచులు నేనే మోసుకొస్తి. నువ్వే గప్పిస్తివి. తెల్లారి సూస్తే దిమ్మె మీద చీమలు బారు గట్టినయ్."

చీమలు.

అక్టోబర్ 25

గుర్తుంది. ఎప్పుడూ గుర్తుంది. రాస్తాను.

జనవరి ఇరవై రెండున మధ్యాహ్నం మూడో దిమ్మె పోశాం, నాలుగింటిలో అదే ఆఖరుది. సాయంత్రానికి ముప్కాల్ నుంచి మనిషి వచ్చి, మేస్త్రి భార్య భూమవ్వకు నొప్పులు మొదలయ్యాయన్నాడు. బాపు పచ్చి సిమెంటు మీద 'ము' గీసి, చేతులైనా సరిగా కడుక్కోకుండా బయల్దేరాడు. పోతూ పోతూ నాకు చెప్పింది ఒక్కటే: "పొద్దుగూకకముందే తడి వరిగడ్డి కప్పు బిడ్డా. మరువకు." ఆ వారమే అఖిల పుట్టింది.

గడ్డి అప్పటికే పోసిన మిగతా మూడు దిమ్మెలకే అయిపోయింది. ఊళ్లోకి పోయి అడిగి తేవాలి. సైటులో ఆడ సూపర్వైజరును నేనొక్కదాన్ని. గడ్డి లేదని పోయి అడిగితే అందరూ నవ్వుతారనిపించింది. మిల్లు కట్టకముందు రావు గారిది చక్కెర వ్యాపారం, సైటు పక్కనే గోడౌన్. ఖాళీ గోనెసంచులు కుప్పలుగా పడి ఉన్నాయి. తెప్పించాను. కాలువ నీళ్లలో ముంచి కప్పించాను. ఎంత తెలివిగా ఆలోచించానో అని మురిసిపోయాను కూడా.

చక్కెర తగిలితే సిమెంటు గట్టిపడదు. పుస్తకంలో ఒక పేరా ఉంది, పరీక్షకు బట్టీ పట్టాను, మార్కులూ వచ్చాయి. చక్కెర సంచులు ముంచిన నీళ్లు దిమ్మె మీద కారుతుంటే ఆ పేరా గుర్తు రాలేదు.

రెండో రోజుకు కూడా గోరు పెట్టి గీకితే దిగింది. చలికి ఆలస్యమవుతోంది అనుకున్నాను. అనుకోలేదు, చెప్పుకున్నాను. మూడో రోజు సంచులు దూరంగా పారేయించి, నేనే చిక్కటి సిమెంటు పాలు కలిపి పైన పూశాను. చూడ్డానికి నున్నగా, గట్టిగా కనపడింది. నాలుగో రోజు గేర్ బాక్సు లారీ అనుకున్నదానికంటే ముందే వచ్చింది. క్రేను వెంటనే వెనక్కి పోవాలి. దించేశారు. ఆపండి అని నేను అనలేదు. బాపు ఐదో రోజు, మిఠాయి పొట్లంతో వచ్చాడు.

ఆయన పేరున్న దిమ్మె అది. అది పాడైంది నా చేతుల మీద. మొన్న రిపోర్టు రాసిందీ నా చేయే.

అక్టోబర్ 26, ఆదివారం

ప్రేమ్‌కు అంతా చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు, పెళ్లయ్యాక ఇది మొదటిసారి. విని, "లే. ముప్కాల్ పోదాం" అని బండి తీశాడు.

బాపు మంచం మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. ఈ ఏడు నడక బాగా తగ్గిందట. నన్ను చూడగానే భూమవ్వను కేకేశాడు. "బిడ్డొచ్చింది, చాయ్ పెట్టు! పండుగకు ఫోన్ జేస్తే ఎత్తలే, ఇంజినీరమ్మ బిజీ." భూమవ్వ చాయ్‌తో పాటు సకినాలు పెట్టింది.

సంచుల సంగతి, సిమెంటు పాల సంగతి చెప్పాను. రిపోర్టులో రాసింది, రాయి మీద పేరు తీసేస్తున్నది కూడా చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను. బాపు నూనె గిన్నె పక్కన పెట్టాడు.

"నాకు తెల్వదనుకున్నవా బిడ్డా? వచ్చిన దినమే సూసిన. గా మూలకు పారేసిన సంచులు, సంచుల మీద చీమలు. సలాకతోని కొడితే దిమ్మె డొల్లగ బొల్లుమన్నది. గప్పటికే మిషన్ కూసున్నది, క్రేను పాయె."

"మరి ఎందుకు చెప్పలే బాపూ?"

"చెప్తే రావు సారు నిన్ను గా దినమే ఇంటికి పంపుతుండె. ఆడపిల్లతోని ఏమైతదని అందరు నవ్వుతుండిరి. నీకు పని అస్తది. గది నాకెర్క. ఒక్క దిమ్మె కోసం నిన్ను పోగొట్టుకుంటనా?" అని, మోకాళ్లు నిమురుకుంటూ, "కానీ భయముండె. అందుకే యేటా పోయి ఇంటుంటి. గీ యేడే మోకాళ్లు పోనియ్యలే" అన్నాడు.

ఏడ్చాను. భూమవ్వ నా వీపు నిమిరి, ఆయన్నే తిట్టింది, పిల్లను ఏడిపిస్తావా అని. ప్రేమ్ బయటికెళ్లి బండి తుడిచాడు. తుడిచిన చోటే తుడిచాడు.

రాయి సంగతి ఆయన అసలు ఎత్తలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

అక్టోబర్ 29

మూడో దిమ్మె పైభాగం కొట్టేశాం, గట్టి కాంక్రీటు తగిలేదాకా. చిన్న సుత్తులతోనే, పెద్ద మిషన్ పెడితే కింద కూడా అదురుతుంది. రెండున్నర అంగుళాలు పొడి, ఆ కింద రాయి. మధ్యన గీత గీసినట్టుంది. చక్కెర ఎంత లోతుకు దిగిందో అంతవరకే. ఫోటోలు తీశాను.

రేపు చెప్పాలి.

అక్టోబర్ 30

విజయ్‌కుమార్ నిజామాబాద్ వెళ్లాడు. రేపు.

అక్టోబర్ 31, శుక్రవారం

చెప్పాను. దిమ్మె దగ్గరే నిలబెట్టి, ఆ గీత చూపించి చెప్పాను. కొత్త రిపోర్టు చేతికిచ్చాను. కారణం గడిలో: పోసిన రోజున సూపర్వైజర్ శిరీష చక్కెర గోనెసంచులు కప్పించడం, లోపం తెలిసీ పైన సిమెంటు పాలు పూసి దాచడం. మేస్త్రి ముత్తన్న పనిలో లోపం లేదు, అందుకు మిగతా మూడు దిమ్మెలే సాక్ష్యం.

విజయ్‌కుమార్ రెండుసార్లు చదివాడు. "పంచదార సంచులా అండీ?" అన్నాడు నమ్మలేనట్టు.

అప్పుడే గేటు వైపు నుంచి స్కూటీ చప్పుడు. అఖిల నడుపుతోంది, వెనక బాపు, రెండు మోకాళ్లకూ పట్టీలు. ఎవరు పిలిచారో! ప్రేమ్‌ను ఇంటికెళ్లాక అడగాలి అనుకున్నాను. బాపు గంగమణి భుజం పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, నావైపు చూడకుండా నేరుగా విజయ్‌కుమార్‌కు దండం పెట్టాడు.

"సారూ, గామె చెప్పేది ఇనకున్రి. గా దినం గామె నాకు ఫోన్ జేసి అడిగింది. గడ్డి ఐపోయింది బాపూ, సంచులు గప్పాల్నా అని. నేనే గప్పుమన్న. తప్పు నాది. పేరు తీసేయున్రి."

నాకు ఒళ్లు మండిపోయింది. "తొంబై తొమ్మిదిల మీ ఇంట్ల ఫోన్ ఎక్కడిది బాపూ?" అన్నాను.

"పక్కింట్ల ఉండె."

"ఎవరి పక్కింట్ల?"

"గదంతా నీకెందుకు ఇప్పుడు?"

అఖిల స్కూటీ తాళం చెవి తిప్పుకుంటూ మెల్లగా అంది: "మన పక్కిల్లు బర్ల కొట్టం గద బాపూ."

గంగమణి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన అఖిల వైపు చూసిన చూపుంది చూడూ, ఇరవై ఆరేళ్ల కిందట మిఠాయి పంచినందుకు పశ్చాత్తాపపడుతున్నట్టుంది. విజయ్‌కుమార్ ముందు నవ్వాపుకున్నాడు, తర్వాత ఆపుకోలేకపోయాడు, ఆ తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను తప్పు ఒప్పుకునేవాడి కోసం వెతకడమే చూశానండి. ఒక్క తప్పు కోసం ఇద్దరు కొట్టుకోవడం ఇదే చూడటం" అన్నాడు.

రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాబాయిలతో మాట్లాడి చెబుతానన్నాడు.

బాపు మొహం తిప్పుకుని స్కూటీ ఎక్కాడు. అలిగాడు. తన అబద్ధం చెడగొట్టినందుకు.

నవంబర్ 1

పిలిచింది ప్రేమే.

నవంబర్ 3, సోమవారం

కొత్త బోల్టులు, కొత్త సలాకలు పాతించాం. నిలువు పగుళ్లలోకి సన్న గొట్టాలతో జిగురు మందు ఎక్కించాం. అది కింది నుంచి పైకి నిండుతూ వచ్చి, చివరి గొట్టంలో నుంచి తొంగి చూసేదాకా పంపు ఆపలేదు. మధ్యాహ్నం పైభాగం పోశాం.

పోసే వేళకు బాపు వచ్చాడు. అలక తీరలేదు కానీ ఆటోలో వచ్చాడు, ఆటో నిండా వరిగడ్డి. ముప్కాల్‌లో కోతలు నడుస్తున్నాయి, కొత్త గడ్డి, మిల్లంతా పొలం వాసన. ఇప్పుడు కప్పడానికి మంచి గుడ్డలు వచ్చాయని, తెచ్చి పెట్టుకున్నానని చెప్పాను. "నీ గుడ్డలు నువ్వు ఏడనన్న గప్పుకో. గీ దిమ్మెకు బాకీ ఉన్నది గడ్డే" అన్నాడు. కాదనలేదు. కిందికి జారకుండా తాడు కట్టించాను, అంతే.

కప్పకముందు మేకు తీసి నా చేతిలో పెట్టాడు. నేను 'ము' గీయబోతే చేయి పట్టుకున్నాడు.

"నాది కింద ఉన్నది. నీది రాయి బిడ్డా."

'శి' రాశాను. గుడి వంకర పోయింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా పేరు ఏ కాంక్రీటు మీదా రాసుకోలేదని అప్పుడే తట్టింది.

నవంబర్ 4

తడి పెట్టించాను. మూడుసార్లు.

నవంబర్ 5

గడ్డి ఎత్తి గోరుతో గీకి చూశాను. గోరు విరిగింది. ఇంత సంతోషంగా గోరు విరగ్గొట్టుకున్న మనిషి ఉండదు.

నవంబర్ 11

విజయ్‌కుమార్ ఆఫీసులో కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. చాయ్ ఇప్పిస్తున్నాడంటేనే అర్థమైంది.

బాబాయిలు రెండు సంగతులు చెప్పారట. ఒకటి, రాయి మీద మేస్త్రి పేరు ఉంటుంది. "మా నాన్నగారి మాట నిలబడిందండి" అన్నాడు. రెండు, మిల్లు కాంక్రీటు పనులన్నీ ఏటా నేను చూసే ఒప్పందం ఈ సీజన్‌తో సరి. వచ్చే ఏడు నుంచి హైదరాబాదు కంపెనీ చూస్తుంది. "దాచారు కదండీ, అది వాళ్లకి..." అని ఆపేశాడు.

న్యాయమే అన్నాను. న్యాయమే. పదకొండేళ్లుగా చూసుకుంటున్న మిల్లు. ప్రతి దిమ్మె, ప్రతి దూలం, ఏది ఎండాకాలం ఎక్కడ చిట్లుతుందో నాకు తెలుసు. బస్సులో కాలువ దాటేదాకా బాగానే ఉన్నాను.

ప్రేమ్ కూర వండాడు. ఉప్పు వేయడం మర్చిపోయాడు. ఇద్దరం తిన్నాం.

నవంబర్ 14

గేర్ బాక్సును దించాం. పీఠం ప్లేటు కింద సందు నింపే పలచటి సిమెంటు గ్రౌటు పోశాం, చివరి మూలలో నుంచి పొంగి వచ్చేదాకా. బోల్టులు బిగించాం. నాలుగు దిమ్మెలకూ గాజులు అతికించాను.

నవంబర్ 17, సోమవారం

మొదటి చెరుకు బండ్లు తెల్లారకముందే గేటు బయట బారులు తీరాయి. కొబ్బరికాయ కొట్టారు. మిల్లు తిరిగింది.

గేర్ బాక్సు ఊపందుకున్నాక మూడో దిమ్మె దగ్గర కూర్చుని గాజు వైపు చూస్తూ ఉండిపోయాను. పది నిమిషాలు. అరగంట. చెరుకు లోపలికి పోతోంది, రసం కారుతోంది, నేల అదురుతోంది, గాజు మాత్రం కదల్లేదు. ఫోన్ మోగింది. ముప్కాల్.

"గాజున్నదా?"

"ఉన్నది బాపూ."

"మంచిగ సూసినవా?"

"మంచిగ సూసిన."

ఆయన ఫోన్ పెట్టలేదు. మిల్లు చప్పుడు వింటున్నాడని తెలిసి ఫోన్‌ను దిమ్మెకు ఆనించి పట్టుకున్నాను.

నవంబర్ 18

గేటు దగ్గర కొత్త రాయి నిలబెట్టారు. చివరి వరుసలో 'మేస్త్రి: ముత్తన్న, ముప్కాల్'. అక్షరాలు పాతవాటికంటే పెద్దవి. ఫోటో తీసి అఖిలకు పంపాను. బాపు చూసి, 'ప్కా' సరిగ చెక్కలే అన్నాడట.

గంగమణి అడిగింది, ఇంక రావా అమ్మా అని. ఇంక నాకిక్కడ పని లేదు అన్నాను.

కానీ బాపు మోకాళ్లు వచ్చే ఏడుకు ఏం బాగవుతాయి? కొత్త పొర కుదురుకుందో లేదో ఎవరో ఒకరు ఏటా కొట్టి వినాలి. హైదరాబాదు వాళ్లు మిషన్లతో చూస్తారు, చూడనీ.

ఎండాకాలం రానీ. బోధన్ బస్సెక్కి వస్తాను, సంచిలో ఒక సలాక పెట్టుకుని. గేటు దగ్గర అడిగితే, రాయి మీద మా బాపు పేరు చూసి పోదామని వచ్చానని చెబుతాను.